ఉలిపికట్టె దారే మేలు

బడులకు వేసవి సెలవులు ఇచ్చీ ఇవ్వగానే దేశంలోని రైళ్లన్నీ ఒక్కసారిగా నిండిపోతాయి. ఊటీలో గది దొరకదు, సిమ్లాలో నీరు దొరకదు, మైసూరు పోదామంటే రైలులో బెర్తు దొరకదు. దసరా సెలవులలోనూ, సంక్రాంతి ముందు వెనుకలలోనూ, డిసెంబరు ఆఖరి వారంలోనూ మళ్లీ ఇదే వరస. ఏడాదికి 52 వారాలు ఉండగా సగటు కుటుంబం తన విహారాన్ని పట్టుమని పది పన్నెండు వారాలలోనే ఇరికించుకుంటున్నది. ఆ వారాలలో అందరూ అవే ఊళ్లకు, అవే రైళ్లలో, అవే హోటళ్లకు పోవాలనుకుంటారు కనుక ధర చెప్పేవాడిదే రాజ్యమవుతున్నది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని పెద్దలు ఎత్తిపొడుపుగా అన్నారు. నగర విహారం విషయంలో మాత్రం ఆ ఉలిపికట్టె దారే లాభసాటి అని ఒప్పుకోక తప్పదు. జనం పోయే నెలలలో ఇంటిపట్టున ఉండి, జనం తిరిగివచ్చిన తర్వాత బయలుదేరేవారికి అదే ఊరు తక్కువ ఖర్చులో, ఎక్కువ తీరికగా కనిపిస్తుంది.

దీనిని కేవలం పొదుపు చిట్కాగా కొట్టివేయడానికి వీలులేదు. నెల జీతంపై బతికే ఇంటిలో విహారయాత్ర ఎప్పుడూ ఖర్చుల జాబితాలో ఆఖరి వరుసలోనే ఉంటుంది. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, మందులు మాకులు, పెళ్లి పేరంటాలు పోగా మిగిలినదానితోనే ప్రయాణం కట్టాలి. మే నెలలో ధరలు విచారించి, ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అని వాయిదా వేసుకునే కుటుంబాలు కోకొల్లలు. ఆ వచ్చే ఏడు అలా జరిగి జరిగి పిల్లలు పెద్దవారైపోతారు, పెద్దలు ముసలివారైపోతారు. పాఠ్యపుస్తకంలో చదివిన కోటను, మ్యూజియాన్ని ఒక్కసారైనా కళ్లారా చూడకుండానే ఒక తరం బడి దాటిపోతుంది. 2019 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి చేసిన ప్రసంగంలో ప్రధాని నరేంద్ర మోదీ, 2022 నాటికి దేశంలోని కనీసం 15 పర్యాటక స్థలాలను చూసి రావాలని ప్రజలకు పిలుపునిచ్చారు. 2020 జనవరిలో కేంద్ర పర్యాటక శాఖ ‘దేఖో అప్నా దేశ్’ పేరిట ప్రచారం ప్రారంభించింది. పిలుపు మంచిదే. అయితే పదిహేను మాట అటుంచి, రెండు చోట్లకు పోవడానికైనా జేబు సహకరించే కాలమేదో చెప్పకపోతే, ఆ కాలాన్ని వాడుకునే వీలు కల్పించకపోతే పిలుపు పిలుపుగానే మిగిలిపోతుంది.

నగర విహారంలో ఖర్చు నాలుగు పద్దుల కింద పడుతుంది: రానుపోను ప్రయాణం, బస, భోజనం, చూడదగిన స్థలాల ప్రవేశ రుసుము. వీటిలో చివరి రెండూ కాలాన్ని బట్టి పెద్దగా మారవు. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అధీనంలోని కట్టడాలకు టికెట్టు మే నెలలో ఎంతో ఆగస్టులోనూ అంతే. 15 ఏళ్ల లోపు పిల్లలకు ఏ కాలంలోనైనా ఉచితమే. తాజ్ మహల్ ప్రధాన సమాధి మందిరంలోకి పోదలచినవారి నుంచి 2018 డిసెంబరులో వసూలు మొదలుపెట్టిన అదనపు 200 రూపాయలకు సీజన్, అన్‌సీజన్ అనే తేడా లేదు. ఇడ్లీ ధర, భోజనం ధర కూడా దాదాపు అంతే. కనుక అన్‌సీజన్‌లో మిగలవలసినదంతా బసలోనూ, కొంత ప్రయాణంలోనూ మిగలాలి. ఈ సంగతి ముందుగా గ్రహించనివారు అన్నీ సగం ధరకే వస్తాయని ఆశపడి భంగపడతారు. గ్రహించినవారు మాత్రం బేరం ఎక్కడ ఆడాలో అక్కడే ఆడతారు.

హోటలు గది పాలు, కూరగాయల వంటి సరుకు. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపటికి దాచి రెండుసార్లు అమ్ముకోవడం సాధ్యం కాదు. సిబ్బంది జీతాలు, భవనం అద్దె, అప్పుపై వడ్డీ మాత్రం గది నిండినా ఖాళీగా ఉన్నా ఆగవు. అందుచేత రద్దీ తగ్గిన నెలలలో యజమాని గదిని ఖాళీగా ఉంచడం కంటే తగ్గించి ఇవ్వడానికే మొగ్గు చూపుతాడు. రద్దీ రోజులలో 3,000 రూపాయలు పలికే గది తర్వాత 1,800కు దొరికిందనుకుంటే, 5 శాతం పన్ను కలుపుకుని రోజుకు 1,260 రూపాయలు, నాలుగు రాత్రులకు 5,040 రూపాయలు మిగులుతాయి. ఇది లెక్క తెలియడానికి వేసిన అంకె మాత్రమే. ఊరిని బట్టి, హోటలును బట్టి తేడా పెరగవచ్చు, తరగవచ్చు. అయినా నలుగురున్న కుటుంబానికి ఆ మిగులు రైలు ఖర్చులో చెప్పుకోదగిన భాగం. ఇందులోనే మరొక కిటుకు ఉన్నది. విహార స్థలాలలో శని, ఆదివారాలలో గదుల ధర పెరుగుతుంది. వ్యాపార నగరాలలో ఆఫీసు పనులపై వచ్చేవారు ఆ రెండు రోజులూ ఉండరు కనుక తరచుగా తగ్గుతుంది. యాత్రలో రెండు రకాల ఊళ్లూ ఉన్నప్పుడు వారం మధ్యలో విహార స్థలం, వారాంతంలో మహానగరం వచ్చేటట్లు రోజులు అమర్చుకుంటే నెల మార్చకుండానే కొంత పొదుపు సాధ్యమవుతుంది.

గది అద్దెపై పన్ను కూడా ఈ కథలో ఒక పాత్ర వహించింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పన్ను రేటును హోటలు ప్రకటించిన అద్దెను బట్టి నిర్ణయించారు. అంటే 3,000 రూపాయలని బోర్డుపై రాసిన గదిని అన్‌సీజన్‌లో 2,000కు ఇచ్చినా, ఆ 2,000పై 12 శాతానికి బదులు 18 శాతం పన్ను పడేది. యజమాని ధర తగ్గించినా పన్ను శ్రేణి మాత్రం దిగేది కాదు. ఈ అసంగతాన్ని 2018 జులైలో సరిదిద్ది, అతిథి నిజంగా చెల్లించిన మొత్తమే ప్రాతిపదిక అన్నారు. 2022 జులై 18 నుంచి 1,000 రూపాయల లోపు గదులకు అంతవరకు ఉన్న మినహాయింపును తొలగించి 12 శాతం పన్ను వేయడం పేద ప్రయాణికునిపై పడిన దెబ్బ. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులన్నింటిపై పన్నును 5 శాతానికి తగ్గించడం హర్షించదగిన మార్పు. అయితే తగ్గిన పన్ను అతిథి బిల్లులో కనిపిస్తున్నదా, లేక అసలు అద్దెలో కలిసిపోతున్నదా అన్నది బిల్లు అడిగి చూసుకునేవారికే తెలుస్తుంది.

ఇక రైలు. మామూలు ఎక్స్‌ప్రెస్ రైలులో స్లీపర్ ఛార్జీ మే నెలలోనూ ఆగస్టులోనూ ఒకటే. కనుక రైలులో అన్‌సీజన్ లాభం ప్రధానంగా టికెట్టు ధరలో ఉండదు, టికెట్టు దొరకడంలో ఉంటుంది. రద్దీ కాలంలో బెర్తు దొరకనివాడు తత్కాల్‌కు పోయి అదనపు రుసుము కట్టాలి, లేదా ప్రత్యేక ఛార్జీల స్పెషల్ రైలు ఎక్కాలి, అదీ కాకుంటే దళారిని ఆశ్రయించాలి. ఈ మూడింటి నుంచీ తప్పించుకోవడమే అసలు పొదుపు. రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ల సంగతి వేరు. 2016 సెప్టెంబరు 9 నుంచి వాటిలోని చాలా తరగతులలో ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడైన కొద్దీ మూల ఛార్జీ 10 శాతం చొప్పున పెరిగే పద్ధతి పెట్టారు. సగం ఖాళీగా నడిచిన రైళ్లను చూసిన తర్వాత 2018లో ఆ పద్ధతిని సవరించక తప్పలేదు. పెంపును మూల ఛార్జీకి 1.4 రెట్లకు పరిమితం చేశారు. సగం కూడా నిండని 15 రైళ్లలో పూర్తిగానూ, మరో 32 రైళ్లలో రద్దీ తగ్గే నెలలలోనూ ఎత్తివేశారు. 2023 జులైలో రైల్వే బోర్డు, సగం కంటే తక్కువ నిండుతున్న రైళ్లలో ఏసీ కూర్చునే తరగతులకు 25 శాతం వరకు తగ్గింపు ఇచ్చే అధికారాన్ని జోన్లకు అప్పగించింది. ఖాళీ సీటు ఎవరికీ ఆదాయం కాదన్న సత్యాన్ని రైల్వేలు ఆలస్యంగానైనా గుర్తించాయనడానికి ఇవి నిదర్శనాలు.

2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. రద్దీ కాలంలో దీని వల్ల తొలి రోజునే పోటీ తీవ్రమవుతున్నది. అన్‌సీజన్ ప్రయాణికునికి మాత్రం రెండు నెలల వ్యవధి కావలసినంత. విమానం మాటకు వస్తే, అక్కడ ధర నిండిన సీట్లను బట్టి గడియ గడియకూ మారుతుంది. కొవిడ్ కాలంలో 2020 మే నుంచి 2022 ఆగస్టు వరకు అమలు చేసిన ఛార్జీల పరిమితులు తొలగిన తర్వాత పండుగ వారంలో విమాన టికెట్టు సామాన్యునికి ఆకాశంలోని వస్తువే అయింది. అదే దూరానికి వారం మధ్యలో, పండుగలు లేని నెలలో, ముందుగా కొన్న టికెట్టు చాలా తక్కువకు దొరకడం కద్దు. బస విషయంలో ఇంకా పొదుపు కోరేవారు రైల్వే స్టేషన్లలోని రిటైరింగ్ రూములను, యూత్ హాస్టళ్లను, సత్రాలను, ధర్మశాలలను మరువరాదు. సీజన్‌లో వీటిలో చోటు దొరకడమే గగనం. అన్‌సీజన్‌లో ఇవే సామాన్యుని హోటళ్లు.

అయితే ఏ నగరానికి ఏది అన్‌సీజన్? దీనికి దేశమంతటికీ వర్తించే ఒకే సమాధానం లేదు. రాజస్థాన్‌కు అక్టోబరు నుంచి మార్చి వరకు రద్దీ కాలం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు అన్‌సీజన్ అంటారు కానీ ఆ ఆరు నెలలూ ఒక రకం కావు. మే నెలలో జయపురం, ఉదయపురం చవక కావచ్చు, కానీ ఆ చవకకు కారణం ఎండ. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైందని గుర్తుంచుకోవాలి. పసిపిల్లలతో, పెద్దవారితో ఆ ఎండలో కోటలు ఎక్కడం పొదుపు అనిపించుకోదు. వానలు పడిన తర్వాత జులై ఆఖరు నుంచి సెప్టెంబరు వరకు అదే నగరం వేరుగా ఉంటుంది. శ్రావణ శుక్ల తదియనాడు జయపురంలో త్రిపోలియా ద్వారం నుంచి వెలువడే తీజ్ ఊరేగింపు ఈ కాలంలోనే వస్తుంది. 2010లో జంతర్ మంతర్, 2019లో జయపురం ప్రాకార నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. గుంపులు లేనప్పుడు వాటి ముందు నిలబడి తీరికగా చూడవచ్చు. ఉదయపురంలో వానలు కలిసివచ్చిన ఏడాది చెరువులు నిండేది ఈ నెలలలోనే. 1884లో మహారాణా సజ్జన్ సింగ్ కొండపై కట్టించిన సజ్జన్‌గఢ్‌కు వానల సౌధమనే వాడుక పేరు ఊరకే రాలేదు. సీజన్ కాదని పుస్తకాలు చెప్పే కాలమే ఆ ఊరికి అందమైన కాలం.

మైసూరు మరొక పాఠం చెబుతుంది. దసరా పది రోజులూ అక్కడ గది దొరకడం కష్టం, దొరికినా ధర చుక్కలనంటుతుంది. జనం అంతగా పోయేది దీపాలతో వెలిగే రాజప్రాసాదాన్ని చూడాలనే. కానీ దాదాపు లక్ష బల్బుల ఆ వెలుగు దసరాకే పరిమితం కాదు. ఏడాది పొడవునా ఆదివారాలలో, ప్రభుత్వ సెలవు దినాలలో సాయంత్రం కొద్దిసేపు ప్రాసాదాన్ని వెలిగిస్తారు. జంబూ సవారీ చూడదలచినవారు దసరాకే పోవాలి. దీపాలు చూడదలచినవారు ఏ ఆగస్టు ఆదివారమో పోయి రావచ్చు. పండుగ కోసం పోతున్నామా, ఊరి కోసం పోతున్నామా అన్న ప్రశ్న వేసుకుంటే సగం ఖర్చు తేలిపోతుంది.

కలకత్తా సంగతీ ఇటువంటిదే. దుర్గా పూజ 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన మహోత్సవం. దానిని చూడాలంటే రద్దీని భరించక తప్పదు. 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియం, 1921లో ప్రారంభమైన విక్టోరియా మెమోరియల్, 1984లో మొదలైన మెట్రో చూడదలచినవారికి పూజలు ముగిసి, క్రిస్మస్ సందడి ఇంకా మొదలుకాని నవంబరు వారాలు అనుకూలం. వాతావరణం చల్లబడుతుంది, గుంపులు తగ్గుతాయి. మరొక విషయం గమనార్హం. పూజా సెలవులలో బెంగాలీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ప్రయాణాలు కడతాయి. విశాఖపట్నం, అరకులలో ఆ రోజులలో వినిపించే వంగభాషే ఇందుకు సాక్ష్యం. కనుక దసరా సెలవులలో విశాఖకు పోదలచిన తెలుగు కుటుంబం తెలుగువారితోనే కాక బెంగాలీలతోనూ గదికి పోటీపడవలసి ఉంటుంది. మన సెలవుల క్యాలెండరు ఒక్కటే చూసుకుంటే చాలదు, పొరుగువారి క్యాలెండరు కూడా చూడాలి.

కొచ్చి నగరంలో నైరుతి ఋతుపవనాలు జూన్ మొదట్లోనే ప్రవేశిస్తాయి. ఆ వానలనే ఆకర్షణగా చూపి, కర్కాటక మాసపు ఆయుర్వేద చికిత్సలను జోడించి, కేరళ తన అన్‌సీజన్‌ను అమ్ముకోవడం నేర్చింది. 1568 నాటి పరదేశీ యూదు ప్రార్థనాలయానికి, 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన వాటర్ మెట్రో పడవలకు అన్‌సీజన్ అడ్డురాదు. చెన్నైకి మాత్రం ఈ లెక్క తలకిందులు. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను ఆ నగరాన్ని ముంచిన తీరు తెలిసినదే. అదే డిసెంబరు అక్కడ సంగీత సభల సీజన్ కావడం విశేషం.

సరిహద్దు దాటి చూసినా సూత్రం ఇదే. నేపాల్‌కు పోవడానికి భారతీయులకు వీసా అవసరం లేదు. కాఠ్మండూలో అక్టోబరు, నవంబరు నెలలు రద్దీ కాలం, జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు వానకాలం. నగరంలోని ఆలయాలు, పాత రాజవీధులు చూడడానికి వాన పెద్ద అడ్డంకి కాదు కానీ, మంచు శిఖరాలు మబ్బుల చాటున ఉంటాయి, కొండ దారులు విరిగిపడతాయి. 2024 సెప్టెంబరు చివరి వారంలో కాఠ్మండూ లోయను ముంచెత్తిన వరదలు, చుట్టుపక్కల కొండచరియలు దేశంలో రెండు వందలమందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి. శ్రీలంకలో మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు కొలంబోను, పడమటి తీరాన్ని తడుపుతుంటే తూర్పు తీరంలోని ట్రింకోమలీలో ఎండకాస్తుంది. డిసెంబరు వచ్చేసరికి ఇది తారుమారవుతుంది. ఒకే చిన్న దేశంలో ఒకే నెల ఒక ఊరికి సీజన్, మరొక ఊరికి అన్‌సీజన్ అన్నమాట.

అన్‌సీజన్‌ను గుడ్డిగా నమ్మరాదని ఈ ఉదాహరణలే హెచ్చరిస్తున్నాయి. చవక అంటూ పోయి చిక్కుకుపోతే మిగిలినదానికి రెట్టింపు వదులుతుంది. 2005 జులై 26న ముంబాయి శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసి మహానగరం స్తంభించిపోయింది. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచాయి. 2024 జులై 30న వయనాడ్ కొండచరియలు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టాయి. వాన నెలలలో పోయేవారు కొండ ప్రాంతాలకు బదులు మైదాన నగరాలను ఎంచుకోవడం, వాతావరణ శాఖ హెచ్చరికలను రోజూ చూసుకోవడం, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగివచ్చే షరతుపైనే గది తీసుకోవడం, తిరుగు ప్రయాణానికి ఒకరోజు వెసులుబాటు ఉంచుకోవడం విజ్ఞత. ముంబాయి నుంచి ఎలిఫెంటా గుహలకు పడవలు సముద్రం అల్లకల్లోలంగా ఉంటే నడవవు. ఢిల్లీకి నవంబరులో పోయేవారిని చలి కంటే పొగ ఎక్కువ బాధిస్తుంది. డిసెంబరు, జనవరి మాసాలలో పొగమంచు ఉత్తరాది రైళ్లను గంటల తరబడి ఆపుతుంది. సీజన్‌తో నిమిత్తం లేని చిన్న సంగతులు కూడా ఉన్నాయి. తాజ్ మహల్‌కు, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఎర్రకోటకు, అనేక మ్యూజియాలకు సోమవారం సెలవు. ఈ రెండు రోజులను మరచి వేసుకున్న ప్రణాళిక ఎంత చవకైనా నష్టమే.

ఇంతవరకు చెప్పినది ప్రయాణికుని లాభం. రద్దీని మోసే ఊరికి కూడా ఒక గోడు ఉన్నది. 2018 వేసవిలో సిమ్లా నగరంలో కుళాయిలు ఎండిపోయాయి. నీటి ట్యాంకర్ల వద్ద జనం బారులు తీరారు, వేసవి ఉత్సవాన్ని వాయిదా వేశారు, దయచేసి మా ఊరికి రావద్దని స్థానికులే పర్యాటకులను వేడుకున్నారు. అతిథిని దేవుడిగా భావించే దేశంలో ఒక ఊరు ఆ మాట అనవలసి రావడం శోచనీయం. మద్రాసు హైకోర్టు ఆదేశాలపై 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ పోయే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. 2025 వేసవికి ఊటీలో మామూలు రోజున 6,000, వారాంతంలో 8,000 వాహనాలకు, కొడైకెనాల్‌లో 4,000, 6,000 వాహనాలకు మించి అనుమతించరాదన్న పరిమితి విధించారు. కొండ మోయగల బరువును న్యాయస్థానం లెక్కగట్టవలసిన పరిస్థితి వచ్చిందంటే, రెండు నెలలలో ఏడాది జనాన్ని దించుతున్న మన అలవాటులోనే లోపమున్నదని గ్రహించాలి. మంద ఎక్కువైతే మజ్జిగ పలుచన అన్నట్లు, రద్దీలో ఊరికీ సుఖం లేదు, వచ్చినవారికీ సుఖం లేదు.

రద్దీ ముగిసిన మర్నాటి నుంచి అదే ఊరికి వేరొక బాధ మొదలవుతుంది. హోటలు గదులు తుడిచేవారు, వంటవారు, గైడులు, పడవలు నడిపేవారు, ఆటో డ్రైవర్లు, బొమ్మలు అమ్ముకునేవారు మూడు నెలల సంపాదనతో ఏడాది వెళ్లదీయాలి. సీజన్ పోగానే తాత్కాలిక సిబ్బందిని ఇళ్లకు పంపడం విహార స్థలాలలో మామూలే. 2020లో కొవిడ్ ఆంక్షలతో పర్యాటకం పూర్తిగా నిలిచిపోయినప్పుడు ఈ బతుకులు ఎంత సన్నని దారంపై వేలాడుతున్నాయో దేశమంతా చూసింది. అన్‌సీజన్‌లో పోయే ఒక్కొక్క కుటుంబం ఆ ఖాళీ నెలలలో ఎవరో ఒకరి పొయ్యి వెలగడానికి తోడ్పడుతున్నది. అందుకనే ఖాళీ గదికి యజమానితో బేరమాడడం న్యాయమే కానీ, రోజంతా ఒక్క బేరం కోసం ఎదురుచూసిన రిక్షావానితో పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడడం న్యాయం అనిపించుకోదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. బడికి పోయే పిల్లలున్న కుటుంబం ఆగస్టులో ఎలా బయలుదేరుతుంది? ఈ ప్రశ్నలో బలమున్నది. అన్‌సీజన్ సౌఖ్యం ఇప్పుడు ఎక్కువగా దక్కుతున్నది సెలవు తమ చేతిలో ఉన్నవారికి, పదవీ విరమణ చేసినవారికి, ఇంకా పిల్లలు లేని జంటలకు. మిగిలినవారు సెలవులను మార్చుకోలేరు కనుక ఊరిని మార్చుకోవాలి. తమ సెలవులు ఇతరుల రద్దీ కాని చోటును వెదకాలి. దసరా సెలవులలో కలకత్తాకు, మైసూరుకు బదులు సీజన్ ఇంకా ఊపందుకోని కొచ్చి వంటి నగరాన్ని ఎంచుకోవచ్చు. సెలవుల తొలి వారంలో పరుగెత్తకుండా, తిరిగివచ్చేవారి రద్దీ మొదలుకాకముందే ముగిసేటట్లు మధ్యలో రోజులు చూసుకోవచ్చు. ఉద్యోగుల ప్రయాణ రాయితీకి సంబంధించిన పాత ఆదాయపు పన్ను పద్ధతిలోని మినహాయింపు నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు, అదీ రానుపోను ఛార్జీలకే వర్తిస్తుంది. బసకు వర్తించదు. 2022–25 బ్లాకు ముగిసి 2026–29 బ్లాకు వచ్చినందున, చివరి ఏడాది చివరి నెలలో తొందరపడకుండా ముందుగానే బస చవకైన నెలను చూసుకుని వాడుకోవడం మంచిది.

కుటుంబం చేయగలిగినది ఇంతవరకే. మిగిలినది ప్రభుత్వాల చేతిలో ఉన్నది. ఫ్రాన్స్ దేశాన్ని మూడు మండలాలుగా విభజించి శీతకాలపు, వసంతకాలపు బడి సెలవులను వేర్వేరు వారాలలో ఇస్తారు. జర్మనీలో వేసవి సెలవులు ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క తేదీన మొదలవుతాయి. మన రాష్ట్రాలు సెలవుల తేదీలను వేర్వేరుగానే నిర్ణయించుకుంటున్నా, పొరుగు రాష్ట్రాల మధ్య ఈ దృష్టితో సంప్రదింపులు జరగడం లేదు. బడుల విజ్ఞాన యాత్రలను డిసెంబరు, జనవరులలో గుదిగుచ్చే బదులు రద్దీ లేని వారాలకు మార్చడానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. రైల్వేలు 2020 మార్చిలో వయోవృద్ధుల రాయితీని నిలిపివేశాయి. అంతకు ముందు 60 ఏళ్లు నిండిన పురుషులకు 40 శాతం, 58 ఏళ్లు నిండిన మహిళలకు 50 శాతం తగ్గింపు ఉండేది. ఏడాది పొడవునా ఇవ్వడం భారమని అనుకున్నా, బెర్తులు ఖాళీగా పోయే నెలలలో, నిండని రైళ్లలో ఆ రాయితీ ఇస్తే రైల్వేలకు పోయేదేమున్నది? ఖాళీగా పోయే బెర్తుపై ఒక వృద్ధ దంపతులు కాశీనో కలకత్తానో చూసి వస్తారు. రాష్ట్ర పర్యాటక సంస్థలు తమ అతిథి గృహాలలో నెలవారీ అద్దె పట్టికను ఏడాది ముందే ప్రకటించాలి. అన్‌సీజన్ అనే సాకుతో మరమ్మతుల పేరిట మ్యూజియాలను, తోటలను, పడవలను ఒకేసారి మూసివేసే అలవాటు మానాలి. తగ్గిన ధరకు తగ్గిన ఊరు చూపడం మర్యాద కాదు.

విహారం ధనికుని విలాసమన్న భావన ఇంకా మన ప్రణాళికా కర్తలను వదిలిపెట్టలేదు. పర్యాటకమంటే విదేశీ మారకద్రవ్యం, ఐదు నక్షత్రాల హోటళ్లు అనే లెక్కలోనే ఆలోచన సాగుతున్నది. స్లీపర్ బోగీలో అటుకులు, పులిహోర మూటకట్టుకుని పోయే కుటుంబం కూడా పర్యాటకులేనన్న సంగతి విస్మరించరాదు. ఆ కుటుంబానికి ఏడాదిలో నాలుగు నెలలు దేశం అందుబాటులో ఉంటే చాలు. ఆ నెలలు ఇప్పటికే ఉన్నాయి, గదులూ ఖాళీగానే ఉన్నాయి. సెలవులను, రాయితీలను, ధరల పట్టికలను వాటితో జతపరచడమే మిగిలినది. అంతవరకు వేచి చూడక, వచ్చే వేసవికి ఎక్కడికి పోవాలా అని ఆలోచించే ఇల్లు ఒక్కసారి ఈ ప్రశ్నను తిరగవేసి, ఆ ఊరికి ఎప్పుడు పోతే మేలు అని అడిగి చూడడం మంచిది.